సూరత్ ఓడలు, కంప్యూటర్ డ్రైవర్లు: అనుమతి చీటీల చరిత్ర

2010 తరువాత కొన్నేళ్లపాటు లినక్స్‌తో నడిచే కంప్యూటర్లు వాడినవారికి ఒక చిక్కు ఎదురయ్యేది. కెమెరాలోని 64 జీబీ మెమరీ కార్డు తీసి కంప్యూటరులో పెడితే అది చాలాసార్లు తెరుచుకునేది కాదు. కార్డు చెడిపోలేదు, కంప్యూటరూ బాగానే ఉంది. ఆ కార్డును చదివే ప్రోగ్రాము రాయగలవారు లేరా అంటే, ఉన్నారు. రాసినదాన్ని అందరికీ పంచడానికి అనుమతి లేదు. ఈ అనుమతి అనే మాటకు ఎంత బరువుందో తెలియాలంటే ముందుగా మనం నాలుగు వందల ఏళ్లు వెనక్కు, సూరత్ రేవుకు వెళ్లాలి.

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌ను అక్బరు 1573లో జయించాడు. మక్కా యాత్రికులు ఓడ ఎక్కే రేవు అది. నేల మొగలులదే గాని, సముద్రం మాత్రం తమదని పోర్చుగీసువారు చెప్పుకునేవారు. తమ దగ్గర ‘కర్తాజ్’ అనే అనుమతి చీటీ తీసుకోకుండా వెళ్లే ఓడను పట్టుకుని సరుకు స్వాధీనం చేసుకునేవారు. అక్బరు మేనత్త గుల్బదన్ బేగం హజ్ యాత్రకు బయలుదేరి, ఈ చీటీ కోసం సూరత్‌లో దాదాపు ఏడాది ఆగిపోయి, చివరికి 1576లో ఓడ ఎక్కగలిగింది. చక్రవర్తి ఇంటి ఆడపడుచుకే ఈ గతి పడితే మామూలు వర్తకుడి సంగతి వేరే చెప్పాలా!

చీటీ ధర ఏమంత పెద్దది కాదు. షరతులే భారం. ఓడ డయ్యూ వంటి పోర్చుగీసు రేవుకు పోయి సుంకం కట్టాలి. మిరియాల వంటి సరుకులు ఎక్కించకూడదు. ఇంతా చేస్తే చీటీ ఉన్నా భరోసా లేదు. జహంగీరు తల్లి మరియం ఉజ్ జమానీకి చెందిన ‘రహీమీ’ ఓడను, కర్తాజ్ ఉండగానే, 1613లో పోర్చుగీసువారు పట్టుకుపోయారు. జహంగీరు ఆగ్రహించి వారి వ్యాపారం ఆపించాడు, డామన్‌పైకి సేనను పంపాడు. ఆ తరువాత బలం పుంజుకున్న డచ్చివారు, ఇంగ్లీషువారు కూడా అలాంటి చీటీలే ఇవ్వసాగారు. ఓడ తనదే, దారి తనకు తెలిసిందే. అయినా సూరత్ వర్తకుడు మరొకరి చీటీ లేనిదే కదలలేకపోయాడు.

ఇక కంప్యూటరు దగ్గరకు వద్దాం. పూర్వం మన కోస్తా రేవుల్లో దొరలకూ వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవారు. డ్రైవరు అలాంటి దుబాసీయే. ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పినదాన్ని ప్రింటరుకో మెమరీ కార్డుకో అర్థమయ్యేలా చెబుతుంది. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు తొలినుంచీ దుబాసీల కొరతే. చాలామంది తయారీదారులు తమ పరికరం భాష చెప్పేవారు కాదు. అప్పుడు ఔత్సాహికులు ఆ పరికరం ఎలా ప్రవర్తిస్తుందో ఓపికగా గమనించి, తామే భాష నేర్చుకుని డ్రైవర్లు రాశారు. అంటే రహస్యాన్ని శ్రమతో ఛేదించవచ్చు. పేటెంటు అలా కాదు. మీరు ఎవరినీ చూడకుండా సొంతంగా కనిపెట్టినా, అదే పద్ధతికి మరొకరికి పేటెంటు ఉంటే వారి అనుమతి కావలసిందే.

మెమరీ కార్డుమీద ఫైళ్లను సర్దే పద్ధతులలో మైక్రోసాఫ్ట్ వారి ‘ఫ్యాట్’ బాగా వాడుకలోకి వచ్చింది. అందులో పొడవైన పేర్లు, పొట్టి పేర్లు రెండూ రాసే విధానంమీద ఆ సంస్థకు అమెరికాలో పేటెంట్లు ఉండేవి. 2003 డిసెంబరులో లైసెన్సు రుసుము ప్రకటించింది: ఒక్కో పరికరానికి 25 సెంట్లు, ఒక తయారీదారుకు గరిష్ఠంగా 2,50,000 డాలర్లు. పెద్ద కెమెరా కంపెనీకి ఇదొక లెక్క కాదు. కాని లినక్స్ ప్రతులను లెక్కపెట్టేది ఎవరు, కట్టేది ఎవరు? పైగా లినక్స్ విడుదలయ్యే జి.పి.ఎల్. లైసెన్సులో ఒక నియమం ఉంది. పేటెంటు రుసుము వల్ల తీసుకున్నవారు తిరిగి ఉచితంగా పంచలేని పరిస్థితి వస్తే, అసలు పంచనే కూడదు. ఇక్కడా అడ్డుపడింది ధర కాదు, షరతే.

2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, లినక్స్ వాడే దారిసూచీ పరికరాల కంపెనీ టామ్‌టామ్‌పై దావా వేసింది. మార్చిలోనే రాజీ కుదిరింది. టామ్‌టామ్ డబ్బు కట్టి, రెండేళ్లలో ఆ సదుపాయాన్ని తీసివేస్తానని ఒప్పుకుంది. అదే ఏడాది ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామరు, పొడవు పేరు, పొట్టి పేరు రెండూ కాక ఒక్కటే రాసేలా లినక్స్ డ్రైవరుకు మార్పు సూచించాడు. పోర్చుగీసు పడవల కంటబడని దారి వెతికినట్టే ఇది!

అదే 2009లో పెద్ద కార్డులకు ‘ఎక్స్‌ఫ్యాట్’ ప్రమాణమైంది. అదీ మైక్రోసాఫ్ట్‌దే. 2013లో శాంసంగ్ తన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవరు సోర్సు కోడును జి.పి.ఎల్. కింద విడుదల చేసినా పేటెంటు చిక్కు వీడలేదు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తన 60,000కు పైగా పేటెంట్లతో లినక్స్ రక్షణకు ఏర్పడిన ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ సాంకేతిక వివరాలను బహిరంగపరచింది. 2020 మేలో వచ్చిన లినక్స్ 5.7లో శాంసంగ్ కొత్త డ్రైవరు చోటు సంపాదించుకుంది. కార్డు వచ్చిన పదకొండేళ్లకు!

ఈ పోలికను మరీ సాగదీయకూడదు. కర్తాజ్ వెనుక ఫిరంగి తప్ప మరేమీ లేదు. పేటెంటు చట్టం ఇచ్చే హక్కు; ఆవిష్కర్త తన పద్ధతిని లోకానికి వెల్లడిస్తే, బదులుగా 20 ఏళ్లపాటు ఆ హక్కు దక్కుతుంది. అది ఏ దేశానికా దేశానికే వర్తిస్తుంది. లినక్స్ కోడు మాత్రం ప్రపంచమంతటికీ ఒకటే. అందుకే అమెరికా పేటెంటు వల్ల సూరత్‌లోని విద్యార్థి కంప్యూటరులోనూ డ్రైవరు లేకపోయింది.

మరి మన చట్టం ఏమంటుంది? 2002 సవరణతో చేరిన సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటరు ప్రోగ్రాము తనంత తానుగా పేటెంటుకు అర్హం కాదు. 2004 డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సు దీన్ని సడలించి, పరిశ్రమలో సాంకేతిక వినియోగం ఉన్న ప్రోగ్రాములకూ, హార్డ్‌వేరుతో జతపడిన ప్రోగ్రాములకూ తలుపు తెరవబోయింది. హార్డ్‌వేరుతో జతపడిన ప్రోగ్రాము అంటే ఏమిటో ఇప్పటికే గ్రహించి ఉంటారు. డ్రైవరు చేసే పనే అది. 2005 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన సవరణలో ఆ మాటలు లేవు. అయితే ‘తనంత తానుగా’ అన్న మాటకు హద్దు ఎక్కడన్నది తేలలేదు. పేటెంటు కార్యాలయం 2016లో కొత్త హార్డ్‌వేరు ఉండాలని మార్గదర్శకాల్లో రాసి, 2017లో ఆ షరతు తొలగించింది.