చిరునామాను పట్టే సూత్రం: పుట్టుక, పరిమితి

భాషాపరిశోధనకై సేకరించిన లేఖలను ఇతరుల చేతికి ఇచ్చేముందు వాటిలోని ఈ-మెయిల్ చిరునామాలను తొలగించాలి. వేల పుటలలో కంటితో వెదకడం సాధ్యం కాదు. అందుకు వాడే సాధనం ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’. ఇది మాటను కాక మాట ఆకృతిని వర్ణించే సూత్రం. దీని చరిత్రలోనే దీని పరిమితి కూడా ఉన్నదని మా అభిప్రాయం.

నాడీకణాల అల్లిక ఏయే సంకేతవరుసలను గుర్తించగలదో చెప్పడానికి గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో ఈ సూత్రాలను రూపొందించాడు. అవి 1956లో అచ్చయ్యాయి. అదే ఏడాది నోమ్ చామ్‌స్కీ, ఇటువంటి పరిమితస్థితి వ్యాకరణం ఇంగ్లీషు వాక్యనిర్మాణానికి చాలదని వాదించాడు. ఒకదానిలో ఒకటిగా ఎంత లోతుకైనా ఒదిగే నిర్మాణాలు దానికి అందవు. 1968లో కెన్ థాంప్సన్ ఈ సూత్రాలతో కంప్యూటర్‌లో పాఠాన్ని వెదికే పద్ధతిని ప్రకటించాడు. 1973 నాటికి యూనిక్స్‌లో ‘గ్రెప్’ అనే వెదుకులాట ఆదేశం వచ్చింది.

ఇక చిరునామా సంగతి. 1971లో రే టామ్లిన్సన్ మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ ‘ఎట్’ గుర్తు పెట్టాడు. వెదికేవారికి అదే కొండగుర్తు. దానికి ఎడమన అక్షరాలు, అంకెలు, చుక్కలు. కుడిన చుక్కలతో విడదీసిన పేర్లు. వాడుకలోని సూత్రం ఇంతే. అయితే 1982 నాటి ప్రమాణం చిరునామాలో కుండలీకరణాలలో వ్యాఖ్యలను, వాటిలో మళ్లీ వ్యాఖ్యలను అనుమతించింది. చామ్‌స్కీ చెప్పిన హద్దు ఇక్కడా ఎదురైంది. 2012 నాటి ప్రమాణం ఇతర లిపులకూ చోటిచ్చింది. రోమన్ అక్షరాలనే ఎరిగిన సూత్రం తెలుగులిపి చిరునామాను చూడలేదు. ‘ఏ లిపి అక్షరమైనా’ అని రాసినా, కొన్ని ప్రోగ్రామింగ్ భాషలు గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించవు. ‘రాముడు’ అన్న పేరు ‘ర’ దగ్గరే తెగిపోతుంది.

చిరునామాలన్నీ పోయినా పని ముగియదు. 2003లో అమెరికా ప్రభుత్వసంస్థ ఒకటి ఎన్రాన్ ఉద్యోగుల ఈ-మెయిళ్లను బహిరంగపరచింది. అవి భాషాపరిశోధకులకు పెద్ద నిధి అయ్యాయి. కానీ బాధిత ఉద్యోగులు కోరిన మీదట కొన్ని ఉత్తరాలను తీసివేయవలసి వచ్చింది.

హోసూరులోనో, బరంపురంలోనో మన పెద్దల ఉత్తరాలు సేకరించే విద్యార్థులు ఇది గమనించాలి. ఇంటిపేరు, వీధి, వృత్తి మిగిలితే చాలు, చిన్న సమాజంలో మనిషి ఎవరో తెలిసిపోతుంది. సూత్రానికి ఆకృతి తెలుసు, మనిషి తెలియదు. కనుక సూత్రం పని ముగిశాక, ఆ ఊరిని ఎరిగినవారు పాఠాన్ని ఒకసారి చదవాలి. మనల్ని నమ్మి ఉత్తరాలిచ్చినవారికి మనం చెల్లించవలసిన బాకీ అది.