మూడు గంటల పరీక్ష - మూడేండ్ల చదువు

కాలేజీలో పిల్లవాడు ఎంత నేర్చుకున్నాడో తేల్చవలసింది ఎవరు? పాఠం చెప్పిన మాస్టారా, అతని ముఖమైనా చూడని పరీక్షకుడా? ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదు. 2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్ళి, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలినా, మూడు ఊళ్ళ కాలేజీ చదువుల చరిత్ర ఒక్కటే. దానిని సభ్యుల ముందుంచడం అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయపు నమూనాలో ఏర్పడింది. మొదట్లో దాని పని పాఠాలు చెప్పడం కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక పెత్తనం చేతులు మారింది గాని పద్ధతి మారలేదు. తెనాలి వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కాలేజీలో చదివినవారి జాతకం కూడా చాలాకాలం వాల్తేరు ప్రశ్నపత్రం చేతిలోనే వుండేది.

ఈ పద్ధతిలో ఒక మేలున్నది. దిద్దేవారికి విద్యార్థి పేరు, కులం, మతం తెలియవు. వారి ఎదుట వుండేది నంబరు ఒక్కటే. పలుకుబడి లేని ఇళ్ళ పిల్లలకు, అందులో మన పిల్లలకు, అది పెద్ద రక్ష. కాని కీడూ వున్నది. ఏడాది కష్టం మూడు గంటల్లో తేలిపోవాలి. ఆ రోజు జ్వరం వచ్చిందా, అంతే సంగతులు. పైగా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు అయిన విద్యార్థికి విషయం తెలిసినా మాట కుదరక మార్కులు తగ్గుతాయి. అప్పుడు కొలిచింది చదువునా, ఇంగ్లీషునా?

దిద్దేవారి చేయి కూడా ఒక్క తీరుగా వుండదు. 1930లలో ఇంగ్లండులో సర్ ఫిలిప్ హార్టాగ్ పరిశీలించగా, ఒకే జవాబుకు వేర్వేరు పరీక్షకులు వేర్వేరు మార్కులు వేశారు. కొన్నాళ్ళ తర్వాత అవే పేపర్లు మళ్ళీ ఇస్తే, అదే పరీక్షకుడు మార్కులు మార్చిన సందర్భాలూ వున్నాయి.

1948లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. ఆయన అంతకు ముందు, 1931 నుంచి 1936 వరకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు ఆ కమిషన్ సభ్యులలో ఒకరని చెప్పుకోవడం మనకు సంతోషం. ఒకే ఒక్క సంస్కరణ చేయమంటే పరీక్షలనే సంస్కరించమంటామని కమిషన్ తేల్చింది. ప్రతి సబ్జెక్టులో మూడోవంతు మార్కులు ఏడాది పొడుగునా చేసిన పనికి కేటాయించాలన్నది.

ఈ గాలి ముందుగా బాపట్లకు తగిలింది. 1945లో స్థాపించిన అక్కడి వ్యవసాయ కళాశాల 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చింది. పాఠం చెప్పినవారే మధ్యమధ్య పరీక్షించే అమెరికా పద్ధతి దానికి ఒరవడి అయింది. 1976 సెప్టెంబరు 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ గారు నాగార్జున విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. దానితో విశ్వవిద్యాలయం ఇంటి దగ్గరకొచ్చింది. అయినా సాధారణ డిగ్రీ కాలేజీలన్నిటికీ సెమిస్టర్లు, ఇంటర్నల్ మార్కులు రావడం 2015-16 నుంచే. అంటే 1949 నాటి నివేదికలోని మాట మన గుమ్మం దాకా రావడానికి అరవై ఏండ్లు దాటింది!

ఇంటర్నల్ మార్కులతో అన్నీ చక్కబడ్డాయా? లేదు. మాస్టారి చేతిలో మార్కులుంటే మొహమాటం, భయం, సిఫారసు కూడా వెంట వస్తాయి. అందుకే బయటి పరీక్ష కావాలి, లోపలి పరీక్షా కావాలి. ఒకటి పక్షపాతాన్ని ఆపుతుంది, రెండవది పొరపాటు దిద్దుకునే వ్యవధినిస్తుంది. అయితే దేనికెన్ని మార్కులో ముందే చెప్పాలి. దిద్దిన పేపరు విద్యార్థి చేతికివ్వాలి. అనుమానముంటే మరొకరు చూసే వీలుండాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డ ఇంటికి రాగానే "ఎన్నొచ్చాయి?" అని అడిగి ఊరుకోకండి. "దిద్దిన పేపరేదీ? ఎక్కడ తప్పావు?" అని అడగండి. పేపరు ఇవ్వకపోతే కాలేజీకి వెళ్ళి మర్యాదగా అడగండి. మన సంఘంలో డిగ్రీ పూర్తయిన యువకులు, యువతులు మొదటి సంవత్సరం పిల్లలను కూర్చోబెట్టుకొని ఆ పేపర్లు చూస్తే, అంతకు మించిన సేవ లేదు. మార్కు అనేది తీర్పు మాత్రమే కాదు. తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో చూపే దీపం కూడా కావాలి.