మూకచిత్రముల నాటి జుబేదా

మా కంగ్టి సీమ తెలుగు, కన్నడము, మరాఠీ కలియు చోటు. ఒకరి మాట మఱియొకరికి తెలియనప్పుడు ఇచ్చట చేయియు కన్నును మాటలాడును. మూకచిత్రముల కళయు నట్టిదే.

ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని శాస్త్రము చెప్పిన నాలుగభినయములలో వాచికము వానికి లేదు. తక్కిన మూటితోనే కథ నడపిన నటులలో జుబేదా యొకతె.

ఆమె 1911లో సూరతునందు జన్మించెను. తల్లి ఫాత్మా బేగము నటి; 1926లో 'బుల్బులె పరిస్తాన్' చిత్రమును నిర్మించి మన దేశమున తొలి దర్శకురాలయ్యెను. కులస్త్రీలు తెర నెక్కుటకు జంకిన ఆ దినములలో ఆమె కుమార్తెలు మువ్వురును నటీమణులైరి. రవీంద్రుని 'విసర్జన' నాటకము ననుసరించి 1927లో వెలువడిన 'బలిదాన్'లో జుబేదా నటించెను.

1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా'తో తెరకు మాట వచ్చెను. అంతటి సులోచనయు హిందూస్థానీ నేర్చుటకై కొంతకాలము తెరకు దూరము కావలసివచ్చెను. ఉరుదూ పలుకుబడి గల జుబేదాయే ఆ తొలి టాకీకి నాయిక. పిమ్మట మహారాజా నరసింగిర్ ధన్‌రాజ్‌గిర్‌ను వివాహమాడి మన హైదరాబాదు కోడలయ్యెను. 1988లో గతించెను.

'ఆలం ఆరా' ప్రతి యొక్కటియు మిగులలేదు. మూకచిత్రములును పెక్కు నశించినవి. తాటాకు శిథిలమైనచో మన పెద్దలు వేఱొక తాటాకున నకలు వ్రాసికొనిరి. ఫిల్మునకు మన మా శ్రద్ధ చూపలేదు. మాట లేని కళకు రూపమే ప్రాణము. ఆ రూపమే పోయినది, పేరునైనను మఱువకుందము.