మాంత్రికుడికి ముక్కుతాడు

మన జానపద సినిమాల్లో వీరుడు, మాంత్రికుడిలో ఎవరిది పైచేయి అన్న తగవు లేదు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికి ఎన్ని విద్యలు తెలిసినా, గెలిచేది తోటరాముడేనని కథ రాసినవాళ్లు ముందే తీర్మానించేశారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలో మాత్రం ఆ ఇద్దరూ ఒకే జట్టు. ఇద్దరినీ ఆడేది ఇద్దరు స్నేహితులు. ఒకడు కత్తి తిప్పి ఒక్క రాక్షసుణ్ని పడగొట్టేలోపు రెండోవాడు ఇరవై మందిని బూడిద చేసేస్తే, మొదటివాడు వచ్చే వారం ఆటకు రాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ యాభై ఏళ్లుగా ఈ చిక్కుతోనే కుస్తీ పడుతోంది.

అసలు ఆ మాంత్రికుడు పుట్టడమే ఫిరంగిగా పుట్టాడు. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో తెచ్చిన ‘చెయిన్‌మెయిల్’ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆట. దాని చివర ఫాంటసీ అనుబంధం ఒకటి చేర్చారు. అందులో అగ్నిగోళం రాళ్లు విసిరే యంత్రానికి సమానం, పిడుగు ఫిరంగి గుండుకు సమానం. సైన్యంలో ఒక ఫిరంగి ఉంటే ఎవరికీ బాధ లేదు. ఈలోగా మినియాపోలిస్ ప్రాంతంలో డేవ్ ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆటలో మనిషికో పాత్ర ఇచ్చి ఆడించడం మొదలుపెట్టాడు. ఆ రెండూ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయ్యేసరికి, ఫిరంగి వచ్చి నలుగురి జట్టులో కూర్చుంది.

గైగాక్స్ దానికి వేసిన ముక్కుతాడు జాక్ వాన్స్ కథల్లోది. 1950లో వచ్చిన ‘ది డైయింగ్ ఎర్త్’లో మంత్రాన్ని కష్టపడి కంఠస్థం చేయాలి; ఒకసారి ప్రయోగించగానే అది మనసులోంచి చెరిగిపోతుంది. అలా మొదటి లెవెల్ మాంత్రికుడికి రోజుకు ఒక్కటంటే ఒక్క స్పెల్ దక్కింది. కవచం లేదు, చేతిలో బాకు తప్ప ఆయుధం లేదు. రెండో లెవెల్‌కు యోధుడికి 2,000 అనుభవ పాయింట్లు చాలితే ఇతనికి 2,500 కావాలి. బతికి బట్టకడితే మాత్రం తర్వాత అంతా అతని రాజ్యమే. ఏళ్ల తరబడి ఒకే పాత్రను ఆడేవాళ్ల మధ్య ఇది న్యాయమేమో గానీ, నాలుగు నెలలకే చెదిరిపోయే జట్టులో ఒకడికి కష్టమే మిగులుతుంది, సుఖం ఎప్పటికీ రాదు.

పూజారి పాత్ర కథ ఇంకా తమాషా. బ్లాక్‌మూర్‌లో ఒక ఆటగాడి పాత్ర సర్ ఫాంగ్ అనే రక్తపిశాచిగా మారి ఎవరికీ లొంగకుండా పోతే, అతణ్ని ఎదుర్కోవడానికి పుట్టుకొచ్చినవాడే క్లెరిక్. గాయాలు మాన్పే పని అతని మెడకు చుట్టుకుంది.

1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మరిన్ని పగ్గాలు బిగించింది. స్పెల్ చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ స్పెల్ పోయినట్టే. అగ్నిగోళానికి గబ్బిలం రెట్ట, గంధకం దగ్గర ఉండాలి. సురేకారం ఆ రెట్టలోంచి తీయవచ్చు కాబట్టి, ఇది మందుగుండు మీద వేసిన జోకని నా అనుమానం; ఫిరంగి వాసన ఇంకా వదల్లేదు. ఈ నియమాల వల్ల మాంత్రికుడి ముందు అడ్డంగా నిలబడే మనిషికి విలువ ఉండేది. 2000లో మూడో ఎడిషన్ అందరికీ ఒకే పాయింట్ల పట్టిక ఇచ్చి, కాస్త నేర్పుంటే శత్రువు పక్కనే నిలబడి స్పెల్ వేసే వీలు కూడా కల్పించింది. దాంతో అడ్డం నిలబడేవాడి అవసరమే తగ్గిపోయింది. ఆ ఎడిషన్లో క్లెరిక్‌లు, ప్రకృతి పూజారులైన డ్రూయిడ్‌లు యోధుడి పని యోధుడికన్నా బాగా చేసేవారు.

2008లో నాలుగో ఎడిషన్ తగవు తీర్చేసింది. ఎప్పుడంటే అప్పుడు వాడేవి, పోరాటానికోసారి, రోజుకోసారి అంటూ యోధుడికీ మాంత్రికుడికీ ఒకే తీరు శక్తులు పంచింది. లెక్క సరిపోయింది, రుచి పోయిందన్నారు చాలామంది. నా మటుకు ఆ ఎడిషన్‌కు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

2014 ఐదో ఎడిషన్లో నాకు నచ్చింది ఏకాగ్రత నియమం. ఎక్కువసేపు నిలిచే పెద్ద స్పెల్స్‌లో చాలావాటిని ఒకేసారి రెండు పట్టుకోవడం కుదరదు. దెబ్బ తగిలితే డైస్ వేయాలి. పదో, దెబ్బలో సగమో, ఏది ఎక్కువైతే అంతైనా రాకపోతే స్పెల్ జారిపోతుంది. అడ్డం నిలబడేవాడికి మళ్లీ పని దొరికింది. అయితే ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది: కథలోని ఒక రోజులో జట్టు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు చేస్తుందని.

హైదరాబాద్ నాగోల్‌లో మా బల్ల దగ్గర ఆ ఊహ నిలవదు. సగం మంది మెట్రో బ్లూ లైన్ అవతలి కొస రాయదుర్గం నుంచి వస్తారు, చివరి మెట్రో అందుకోవాలి. వాళ్లొచ్చి, టీ తాగి, కిందటి వారం ఏం జరిగిందో గుర్తు చేసుకునేసరికి ఒక్క పోరాటానికే సమయం. అది తెలిసిన మాంత్రికుడు దాచుకోవడం ఎందుకని ఉన్న స్పెల్స్ అన్నీ అందులోనే కుమ్మరించేవాడు. ఆ 2014 ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్‌లో దీనికి పనికొచ్చే ఐచ్ఛిక నియమం ఒకటుంది: చిన్న విశ్రాంతికి ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు. దాన్ని పెట్టుకున్నాం. ఆట ముగిసినా కథలో రోజు ముగియదు. మాంత్రికుడి స్పెల్స్ అన్నీ తిరిగి దక్కేది పెద్ద విశ్రాంతి తర్వాతే కాబట్టి, ఖర్చయినవి కాగితం మీద ఖర్చయినట్టే తరువాతి వారానికి వస్తాయి. మాంత్రికుణ్ని ఆడే మిత్రుడు ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నాడు. ఈమధ్య మాత్రం అగ్నిగోళం వేసే ముందు, గదిలో ఇంకెంతమంది ఉన్నారని యోధుణ్ని అడుగుతున్నాడు.