ప్రళయానంతర ‘భారీ రోబో’ అనిమే - తొలి ప్రేక్షకుల దృష్టి: ‘నియాన్ జెనిసిస్ ఇవాంజెలియన్’ (1995-96) చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్ టెలివిజన్‌లో 1995 అక్టోబరులో ప్రారంభమైన ‘నియాన్ జెనిసిస్ ఇవాంజెలియన్’ అనే అనిమే ధారావాహికను, ఆ ఏడాదే సంభవించిన కోబే భూకంపానికీ టోక్యో సారిన్ దాడికీ ప్రతిబింబంగా భావించడం పరిపాటి. రచనాకాలాన్ని పరిశీలిస్తే ఈ అభిప్రాయానికి సవరణ అవసరమని తెలుస్తుంది. ఈ ధారావాహిక మొదటి భాగాన్ని దాని పూర్వ సంప్రదాయంతో పోల్చి, రచనాకాలాన్నీ స్వీకరణకాలాన్నీ వేరుచేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనిమే, భారీ రోబో, ప్రళయానంతర కథ, వస్తునిర్దేశం, స్వీకరణ చరిత్ర, యుద్ధానంతర జపాన్.

1. ఉపోద్ఘాతం

కావ్యారంభంలోనే కథావస్తువును సూచించడాన్ని ఆలంకారికులు వస్తునిర్దేశం అన్నారు. టెలివిజన్ ధారావాహికలో ఆ బాధ్యత మొదటి భాగానిది. ఈ కథ ఎటువంటిది, దీన్ని ఎలా చూడాలి అనే విషయాల్లో ప్రేక్షకుడికి తొలి అభిప్రాయం అక్కడే ఏర్పడుతుంది. అయితే ఆ అభిప్రాయం తెరమీది బొమ్మలవల్ల మాత్రమే కలిగేది కాదు. ప్రేక్షకుడు ఆ ఏడాది ఏమి చూశాడు, ఏమి పోగొట్టుకున్నాడు, దేనిపై నమ్మకం వదులుకున్నాడు అనేవి కూడా అందులో కలుస్తాయి. కాబట్టి తొలి అభిప్రాయానికీ ఒక చరిత్ర ఉంటుంది.

అన్నో హిడెయాకి దర్శకత్వంలో గైనాక్స్ సంస్థ రూపొందించిన ‘ఇవాంజెలియన్’ 1995 అక్టోబరు 4 నుంచి 1996 మార్చి 27 వరకు 26 భాగాలుగా టీవీ టోక్యోలో ప్రసారమైంది. కథాకాలం 2015. అప్పటికి పదిహేనేళ్ల కిందట, 2000 సంవత్సరంలో, దక్షిణధ్రువంలో ‘సెకండ్ ఇంపాక్ట్’ అనే మహావిపత్తు సంభవించింది. సముద్రమట్టాలు పెరిగాయి, మానవాళిలో సగం నశించింది. మిగిలినవారిపై ‘షితో’ అనే వింతప్రాణులు దాడికి దిగుతాయి. వాటిని ఎదుర్కొనే ‘ఇవా’ అనే భారీ యంత్రాలను నడపవలసినవారు పద్నాలుగేళ్ల పిల్లలు.

2. యంత్రవారసత్వం (1956-1979)

ఈ కథకు వెనుక నాలుగు దశాబ్దాల సంప్రదాయం ఉంది. యొకోయామ మిత్సుతెరు 1956లో ‘తెత్సుజిన్ 28-గో’ అనే మాంగాను ప్రారంభించాడు. 1934లో కోబేలో పుట్టిన ఆయన వైమానిక దాడుల కాలంలో పెరిగినవాడు. ఆయన కథలోని ఉక్కుమనిషి యుద్ధం చివరి దశలో జపాన్ సైన్యం కోసం రహస్యంగా రూపొందిన ఆయుధం. యుద్ధం ముగిశాక ఆ ఆయుధం శాస్త్రవేత్త కుమారుడైన షోతారో చేతికి వస్తుంది. బాలుడు దూరంగా నిలబడి చేతిలోని నియంత్రణ పరికరంతో దాన్ని నడుపుతాడు. పరికరం ఎవరి చేతిలో ఉంటే యంత్రం వారి మాట వింటుంది. దుష్టుల చేతిలో పడితే వారికీ లొంగుతుంది. ఓడిన దేశం తయారుచేసుకున్న ఆయుధం కొత్త తరానికి ఎలా ఉపయోగపడాలనే ప్రశ్న ఈ కథలో అంతర్లీనంగా ఉంది.

నగాయ్ గో సృష్టించిన ‘మజింగర్ జెడ్’ 1972లో టెలివిజన్‌కు వచ్చింది. ఇందులో కథానాయకుడు కోజి యంత్రం తలభాగంలో కూర్చుని దాన్ని నడుపుతాడు. బాలుడికీ యంత్రానికీ మధ్య దూరం తొలగిపోయింది. ఆ యంత్రాన్ని నిర్మించి అప్పగించినవాడు కోజి తాత.

తొమినో యొషియుకి దర్శకత్వంలో 1979 ఏప్రిల్ 7న ప్రారంభమైన ‘మొబైల్ సూట్ గండమ్’ ఈ సంప్రదాయంలోకి మహావినాశాన్ని పీఠికగా తెచ్చింది. యుద్ధంలో మానవాళి సగం నశించిందని ప్రారంభ వ్యాఖ్యానమే తెలియజేస్తుంది. శత్రువులు తన నివాసప్రాంతంపై దాడిచేసినప్పుడు అమురో అనే కుర్రవాడు తనంతట తానే గండమ్‌లోకి ఎక్కుతాడు. ఆ యంత్ర రూపకల్పనలో ముఖ్యుడు అతని తండ్రి. ఈ ధారావాహిక అనుకున్నదానికంటే ముందుగా 1980 జనవరిలో 43 భాగాలతో ముగిసినా, పునఃప్రసారాలతోనూ ప్లాస్టిక్ నమూనా బొమ్మలతోనూ విశేష ఆదరణ పొందింది.

ఈ మూడింటిలో ఒక సామ్యం కనిపిస్తుంది. యంత్రం పెద్దల నుంచి పిల్లలకు సంక్రమించిన ఆస్తి. దాన్ని స్వీకరించడంలో భయం ఉండవచ్చు, బాధ్యత ఉండవచ్చు. అయినా మొదటి భాగం పూర్తయ్యేసరికి ఆ వారసత్వం బాలుడి శక్తిగా మారుతుంది.

3. ‘ఇవాంజెలియన్’ మొదటి భాగం: వస్తునిర్దేశం

‘ఇవాంజెలియన్’ ఈ చట్రాన్ని స్వీకరించి దాని అర్థాన్ని తలకిందులు చేసింది. మొదటి దృశ్యాలలో నీట మునిగిన నగరభవనాలు, తీరం పొడవునా మోహరించిన యుద్ధట్యాంకులు కనిపిస్తాయి. జనం ఖాళీచేసిన వీధిలో షింజి అనే బాలుడు టెలిఫోన్ దగ్గర నిలబడి ఉంటాడు. ఆ ఫోను పనిచేయదు. చాలాకాలంగా దూరంగా ఉన్న తండ్రి పిలుపు అందుకుని అతడు ఆ నగరానికి వచ్చాడు. ఎందుకు పిలిచాడో తెలియదు.

సైన్యం తన ఆయుధబలమంతా ప్రయోగించి విఫలమై, అధికారాన్ని ‘నెర్వ్’ అనే సంస్థకు అప్పగిస్తుంది. ఆ సంస్థ అధిపతి షింజి తండ్రే. భూగర్భ స్థావరంలో కొడుకును చూసిన ఆయన కుశలప్రశ్నలేవీ లేకుండా యంత్రం ఎక్కమంటాడు, ఎక్కనివాడు వెళ్లిపోవచ్చంటాడు. షింజి నిరాకరిస్తాడు. అప్పుడు గాయాలతో, కట్లతో ఉన్న రేయి అనే బాలికను అతని స్థానంలో పంపడానికి మంచంమీద తీసుకువస్తారు. తాను కాదంటే ఆమె వెళ్లవలసి వస్తుందని గ్రహించాకే షింజి ఒప్పుకుంటాడు.

ఇక్కడ మూడు మార్పులు గమనించదగినవి. మొదటిది, అంగీకారం వెనుక ఉత్సాహం గానీ ప్రతీకారం గానీ లేదు, నిస్సహాయత ఉంది. రెండవది, పూర్వకథల్లో తండ్రితాతల కానుకగా వచ్చిన యంత్రం ఇక్కడ తండ్రి ఆజ్ఞగా వచ్చింది. మూడవది కథనానికి సంబంధించినది. యంత్రం నేలమీదికి చేరగానే మొదటి భాగం ముగుస్తుంది. రెండవ భాగంలో ఇవా దెబ్బతిన్న కొద్దిసేపటికే కథ ఆసుపత్రి గదికి మారుతుంది. యుద్ధం ఎలా ముగిసిందో ఆ భాగం చివర షింజి జ్ఞాపకంగా మాత్రమే తెలుస్తుంది. భారీ రోబో కథలో ప్రేక్షకుడు ప్రధానంగా ఆశించేది పోరాటం. దాన్ని వాయిదా వేసి, పోరాడినవాడి మనఃస్థితిని ముందుంచడమే ఈ ధారావాహిక చేసిన వస్తునిర్దేశం.

4. కాలక్రమ పరిశీలన

1995 జనవరి 17 తెల్లవారుజామున సంభవించిన హన్షిన్-అవాజి మహాభూకంపంలో 6,434 మంది మరణించారు. కోబేలో హన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే వంతెన 600 మీటర్లకు పైగా పక్కకు ఒరిగిపోయింది. జపాన్ నిర్మాణాలు ఎంతటి భూకంపాన్నైనా తట్టుకుంటాయనే విశ్వాసం దానితోపాటే కూలింది. సహాయక చర్యల్లో జరిగిన జాప్యం ప్రభుత్వంపై తీవ్ర విమర్శలకు దారితీసింది. మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ సభ్యులు టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువును ప్రయోగించారు. పదిమందికి పైగా మరణించగా, వేలాదిమంది అస్వస్థులయ్యారు. ఆ ఆగస్టుకు రెండో ప్రపంచయుద్ధం ముగిసి యాభై ఏళ్లు నిండాయి. అక్టోబరులో ‘ఇవాంజెలియన్’ ప్రారంభమైంది.

ఈ వరుసను చూసినవారికి మునిగిన నగరం, విఫలమైన సైన్యం, రహస్యసంస్థ అనేవి ఆ సంఘటనల ఛాయలుగా తోచడం సహజం. కానీ గైనాక్స్ ఈ ధారావాహిక ప్రణాళికను 1993లోనే చేపట్టింది. సదమొతో యొషియుకి చిత్రించిన దీని మాంగా రూపం 1994 డిసెంబరు చివర, అంటే భూకంపానికి సుమారు మూడు వారాల ముందే, ‘షోనెన్ ఏస్’ పత్రికలో మొదలైంది. ధ్వంసమైన లోకం, షితో దాడి, తండ్రి పిలుపు అనే మూలాంశాలు అప్పటికే రూపుదిద్దుకున్నాయి. కనుక భూకంపం ఈ కథకు కారణమనే వాదన కాలక్రమానికి విరుద్ధం.

కథకు మూలాలు మరోచోట వెతకాలి. 1960లో పుట్టిన అన్నో యుద్ధాన్ని చూసినవాడు కాదు. ఆయన తరానికి శిథిలాలు తెరమీది దృశ్యాలుగానే పరిచయం. మియజాకి హయావో 1984లో తీసిన ‘నౌసికా’ చిత్రంలో, నాగరికతను దహించే మహాయోధుడి దృశ్యానికి యానిమేషన్ చేసినవారిలో అన్నో ఒకడు. ప్రళయకల్పన జపాన్ యువతలో 1995కు ముందే ఎంతగా వ్యాపించిందో ఓమ్ సంస్థ ఉదంతమే తెలుపుతుంది. విషవాయు దాడుల నుంచి రక్షణ పేరుతో ఆ సంస్థ నెలకొల్పిన గాలిశుద్ధి యంత్రాలకు ‘కాస్మో క్లీనర్’ అని పేరు పెట్టింది. ఆ పేరు 1974 నాటి ‘అంతరిక్ష యుద్ధనౌక యమాతో’ అనే అనిమేలోనిది. అంటే ధారావాహికకూ ఆ సంస్థకూ కార్యకారణ సంబంధం ఏర్పరచడం కంటే, రెండూ ఒకే ఊహాలోకం నుంచి భిన్నమార్గాల్లో వచ్చాయనడం సమంజసం.

5. తొలి ప్రేక్షకులు, తరువాతి వ్యాఖ్యలు

రచనకు కారణం కాని సంఘటనలు స్వీకరణకు మాత్రం బలమైన సందర్భమయ్యాయి. 1995 జనవరికి ముందు ఈ మొదటి భాగాన్ని చూసివుంటే, అధికారుల వైఫల్యం కథను నడిపే ఉపాయంగా మాత్రమే కనిపించేది. అక్టోబరులో అది పరిచితమైన అనుభవంగా కనిపించే వీలు ఏర్పడింది. పెద్దలు నిర్మించిన వ్యవస్థలు కూలినప్పుడు ఆ భారాన్ని ఎవరు మోయాలి అనే ప్రశ్న అప్పటికే సమాజంలో ఉంది. షింజి నిరాకరణ ఆ ప్రశ్నకు మాట ఇచ్చింది.

1996 మార్చిలో ప్రసారమైన చివరి రెండు భాగాలు బాహ్యకథను వదిలి పాత్రల అంతరంగంలోకి వెళ్లడంతో తీవ్ర వాదోపవాదాలు చెలరేగాయి. 1997లో పునఃప్రసారాలు, మార్చి, జులై నెలల్లో విడుదలైన చలనచిత్రాలు ఈ ధారావాహికను సామాజిక చర్చగా మార్చాయి. అదే ఏడాది దీనికి నిహోన్ ఎస్‌ఎఫ్ తైషో పురస్కారం లభించింది. 1997 జూన్‌లో కోబేలో పిల్లల హత్యల కేసులో పద్నాలుగేళ్ల బాలుడు అరెస్టు కావడంతో ఆ వయసుపై జరిగిన చర్చలోకీ ఈ కథ వచ్చింది. ధారావాహిక పూర్తయ్యాక జరిగిన ఆ సంఘటన కథకు కారణం కాజాలదని చెప్పనవసరం లేదు. అయినా దాని వెలుగులో కథను చదివారు. 1995 విషయంలో జరిగినదీ ఇదే.

విమర్శకుడు అజుమ హిరోకి 2001లో మరో కోణం చూపాడు. ‘గండమ్’ అభిమానులు కథాప్రపంచ చరిత్రపై ఆసక్తి చూపగా, ‘ఇవాంజెలియన్’ అభిమానులు పాత్రలపైనా వాటి లక్షణాలపైనా మక్కువ చూపారని ఆయన సిద్ధాంతం. అభిమానుల అనుబంధ రచనలకూ విక్రయవస్తువులకూ ఇది బాగా అన్వయిస్తుంది. దీన్ని తొలి ప్రసారకాలానికి యథాతథంగా వర్తింపజేస్తే మాత్రం, మొదటి భాగం లేవనెత్తిన నైతిక ప్రశ్న మరుగున పడుతుంది.

కోబే నగరం తన పునర్నిర్మాణానికి గుర్తుగా ఎంచుకున్న రోబో కూడా ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. భూకంపంలో మంటలకు ఆహుతైన నగత ప్రాంతంలో 2009లో తెత్సుజిన్ విగ్రహాన్ని నిలిపారు. నిటారుగా నిలబడితే 18 మీటర్లుండే కొలత దానిది. యొకోయామ కోబేవాసి కావడం ఇందుకు ప్రధాన కారణం. అయినా నిజమైన శిథిలాల నడుమ ప్రజలకు తోడు నిలిచింది, బాలుడి మాట వినే పాత ఉక్కుమనిషి. బాలుడిని బలి కోరే కొత్త యంత్రం కాదు.

6. ముగింపు

‘తెత్సుజిన్’ నుంచి ‘ఇవాంజెలియన్’ వరకు భారీ రోబో కథ ఒక తరం మరొక తరానికి అప్పగించే వారసత్వం గురించినదే. బాలుడు దూరం నుంచి నడిపిన యంత్రం క్రమంగా అతణ్ణి తనలోకి తీసుకుని, చివరికి అతని సమ్మతినే ప్రశ్నగా మార్చింది. ఈ పరిణామం 1995 విపత్తులవల్ల పుట్టలేదు. అంతకుముందే సిద్ధమైన కథను ఆ విపత్తులు చదివించిన తీరే దాని తొలి అభిప్రాయం. ఒక రచన వెలువడిన ఏడాదినే దాని జన్మకారణంగా చూపే అలవాటు సాహిత్యచరిత్ర రచనలోనూ కనిపిస్తుంది. రచన ఎప్పుడు రూపొందింది, దాన్ని మొదట అందుకున్నవారు ఏ స్థితిలో ఉన్నారు అనే రెండు ప్రశ్నలకు వేర్వేరుగా సమాధానం వెతికినప్పుడే ఆ అలవాటు నుంచి బయటపడడం సాధ్యమవుతుంది.