గుండు సుధారాణి

ఓరుగల్లు నగరపాలక సంస్థకు 2021 మే 7వ తేదీన మేయరుగా ఎన్నికయిన రాజకీయ నాయకురాలు. 2010 నుండి 2016 వరకు తెలుగుదేశం పక్షమున రాజ్యసభ సభ్యురాలుగా నుండి, తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, దేశ రాజధానియందలి పెద్దల సభనుండి స్వనగరపు వీధుల బాగోగులను చూచు పదవికి వచ్చుట ఆమె జీవితమున విశేషము. ఇదే పీఠమును పూర్వము ఎఱ్ఱబెల్లి స్వర్ణయు అధిష్ఠించియుండెను.

1899లో పురపాలక సంఘముగా ఏర్పడి, 1994లో నగరపాలక సంస్థయై, 2015లో మహానగరపాలక సంస్థగా విస్తరించిన ఈ వ్యవస్థ వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలను ఒక్క పాలనలోనికి తెచ్చినది. సుధారాణి ఎన్నికనాటికి నగరమున 66 డివిజనులుండెను. ప్రజలు నేరుగా గాక, వారెన్నుకొన్న కార్పొరేటర్లు సమావేశమై మేయరును ఎన్నుకొందురు. సుధారాణి ఎన్నికయిననాడే రిజ్వానా షమీమ్ మసూద్ ఉపమేయరుగా ఎన్నికయ్యెను.

ఓరుగల్లు వర్తకుల నగరము. ఏనుమాముల విపణిలో ఎఱ్ఱని మిరపకాయల రాశులు కన్నుల మండించుచుండ, కొత్తవాడ మగ్గములపై జంపఖానాలు రూపుదిద్దుకొనును. అట్టి నగరమున వానకాలము వచ్చెనా, నయీంనగర్ నాలా పొంగి పల్లపు కాలనీలను ముంచును; 2023 జూలై వరదలు సుధారాణి పదవీకాలముననే సంభవించినవి. కాకతీయులు చెరువులను త్రవ్వించిన నేలపై నీటికి దారి విడుచుటయే నగరపాలకుల ప్రథమ ధర్మమని ఆ జలములు మరల బోధించినవి.