ముగ్గురి మధ్య ఒక సరిహద్దు

ఫ్రాన్స్వా త్రుఫో తీసిన 'జూల్ ఎ జిమ్' 1962లో విడుదలైంది. ఇద్దరు ప్రాణస్నేహితులు, ఇద్దరూ ప్రేమించిన ఒక స్త్రీ. అరవైల నాటి స్వేచ్ఛాప్రణయానికి దీన్ని ఉదాహరణగా చూపడం పరిపాటి అయింది. కానీ ఇది ఆ కాలపు కథే కాదు. ఆన్రీ పియెర్ రోషే డెబ్బై దాటాక, 1953లో ప్రచురించిన నవల దీనికి మూలం. అందులో ఉన్నది ఆయన జీవితమే. జిమ్ అంటే రోషేనే; సినిమాలో ఆస్ట్రియావాడుగా కనిపించే జూల్ నిజానికి బెర్లిన్ రచయిత ఫ్రాంజ్ హెస్సెల్; జాన్ మొరో పోషించిన కాత్రీన్‌కు మూలం హెలెన్ గ్రుండ్. 1913లో హెలెన్, హెస్సెల్ పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాదే స్నేహితులిద్దరి దేశాలూ కత్తులు దూసుకున్నాయి. నా దృష్టిలో ఈ సినిమా ఫ్రాన్స్, జర్మనీల వైరం మధ్య నలిగిన ఒక తరం చరిత్ర.

తెరమీద యుద్ధం కొద్ది నిమిషాలే గదా, కాత్రీన్ అశాంతికి యుద్ధంతో పనేమిటి అని అడగవచ్చు. ఆమె అశాంతి యుద్ధం తెచ్చింది కాదు, నిజమే. మగవాళ్లకున్న స్వేచ్ఛ తనకెందుకు లేదన్నదే ఆమె గొడవ. మగవేషం వేసుకుని మీసం దిద్దుకుని వీధిలోకి వచ్చింది అందుకే. అయితే ఆ ఇద్దరు మగవాళ్ల ప్రవర్తన యుద్ధాన్ని పక్కనపెడితే అర్థం కాదు. తన తూటా ఎక్కడ స్నేహితుడికి తగులుతుందోనని కందకాల్లో ఇద్దరూ భయపడతారు. త్రుఫో ఇక్కడ నాటి అసలు యుద్ధ దృశ్యాలనే వాడాడు. దేశాలు శత్రువులుగా నిలబెట్టినవాళ్లు, ప్రేమ కోసం శత్రువులు కావడానికి ఒప్పుకోలేదు. భార్య అయిన కాత్రీన్‌ను స్నేహితుడికి వదులుకున్న జూల్‌ది చేతగానితనం అనేవారు ఈ సంగతి మరచిపోతున్నారు. చివర్లో ఆ ముగ్గురూ సినిమాహాల్లో నాజీలు పుస్తకాలు తగలబెట్టే వార్తాచిత్రం చూస్తారు. ఆ దృశ్యం అక్కడ ఊరికే లేదు.

నేను ఒప్పుకోలేనిది ముగింపు. కాత్రీన్ జిమ్‌ను కారులో ఎక్కించుకుని, తెగిన వంతెన మీంచి నదిలోకి దూకిస్తుంది. దాంతో అంతా ఒక స్త్రీ ఉన్మాదం కింద తేలిపోతుంది. కల్పనకు ఆ హక్కు ఉందనే వాదన సబబే. కానీ నిజం ఇంతకన్నా బరువైనది. యూదుడైన హెస్సెల్ 1938లో ఫ్రాన్సుకు పారిపోయాడు. తాను ప్రేమించిన ఆ దేశమే 1940లో ఆయన్ను శత్రుదేశీయుడిగా లే మీల్ శిబిరంలో బంధించింది. 1941 జనవరిలో చనిపోయాడు. ఆయన కొడుకు స్తెఫాన్ ఫ్రెంచ్ ప్రతిఘటనోద్యమంలో పనిచేసి, బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డాడు. తెరమీద నీటిపాలైన హెలెన్ ఆ సినిమా చూసింది, 1982 దాకా జీవించింది.